కాంట్రాక్టు అయిపోతోంది, గ్రాట్యుటీ తర్వాత ఇస్తామంటున్నారు, వీసా క్యాన్సిల్ కాగితం మీద ముందు సంతకం పెట్టమంటున్నారు

రాజాం_ఫిజిక్స్:
షార్జాలో ప్రైవేటు స్కూలు. ఆగస్టు 31కి ఏడేళ్లు నిండుతాయి, కాంట్రాక్టూ ఆరోజుతోనే ఆఖరు. రెన్యూ చెయ్యబోమని చెప్పేశారు. బేసిక్ 3,000 దిర్హాములు, అలవెన్సులతో 5,500. ఇప్పుడేమో జూలై 5కే వీసా క్యాన్సిల్ చేస్తాం, సంతకం పెట్టి వెళ్లిపొండి, గ్రాట్యుటీ సెప్టెంబరులో వేస్తాం అంటున్నారు. కాగితంలో 'నాకు రావలసినవన్నీ ముట్టాయి' అని ఉంది. సంతకం పెట్టొచ్చా? క్యాన్సిల్ అయ్యాక ఎన్ని రోజులు ఉండొచ్చు? భార్య, బాబు నా వీసా మీదే ఉన్నారు. పెన్షన్ లాంటిది ఏమైనా వస్తుందా? విజయనగరంలో ఉద్యోగం చూసుకుంటున్నాను, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఎక్కడ అటెస్ట్ చేయించాలి?

నరసన్నపేట_మూర్తి:
మాస్టారూ, డబ్బు అకౌంటులో పడకుండా ఆ కాగితం ముట్టుకోవద్దు. 'ముట్టాయి' అని మీరే రాసిచ్చాక లేబర్ మినిస్ట్రీలో మొదట మీ ముందు పెట్టేది ఆ కాగితమే. చట్ట ప్రకారం కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో జీతం, గ్రాట్యుటీ, వాడుకోని సెలవుల డబ్బు అన్నీ ఇచ్చెయ్యాలి. సెప్టెంబరు అన్నది వాళ్ల వీలు, చట్టం కాదు. తర్వాతి తేదీ వేసిన మామూలు చెక్కు ఇస్తే తీసుకోవద్దు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గానీ మేనేజర్ చెక్కు గానీ అడగండి.

ఇంకోటి. గొడవ పడ్డాం కదా అని స్కూలుకి వెళ్లడం మానకండి. వరసగా 7 రోజులకు మించి రాలేదని వాళ్లు ఫిర్యాదు పెట్టారంటే మీ మీద 'పని వదిలి పారిపోయాడు' అని పడుతుంది. అది విప్పించుకోవడం గ్రాట్యుటీ రాబట్టడం కంటే కష్టం.

బొబ్బిలి_లెక్కలు:
లెక్క నేను చెప్తాను. మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజులు, ఆ పైన ఏడాదికి నెల బేసిక్. నెలకి పని రోజులు 26. కాబట్టి 3,000ని 26తో భాగించి 21తో హెచ్చవేస్తే ఏడాదికి 2,423. ఐదేళ్లకి 12,115. మిగిలిన రెండేళ్లకి 6,000. మొత్తం 18,115 దిర్హాములు అడగండి, పైసా తగ్గొద్దు.

టెక్కలి_రియాద్:
బేసిక్ మీద ఏటండీ? గ్రాట్యుటీ మొత్తం జీతం మీద లెక్క కట్టాలి. హౌసింగు, ట్రాన్స్‌పోర్టు అన్నీ కలిపే. మా దగ్గర లేబర్ కోర్టులో అలాగే ఇప్పిస్తారు. మాస్టారి గ్రాట్యుటీ 5,500 మీద కట్టాలి.

నరసన్నపేట_మూర్తి:
టెక్కలి గారూ, మీది సౌదీ, ఆయనది యూఏఈ. రెండూ కలిపేస్తే ఆయన మునిగిపోతాడు. సౌదీలో ఆఖరి జీతం అలవెన్సులతో సహా లెక్కకొస్తుంది, నిజమే, కానీ మొదటి ఐదేళ్లకి ఏడాదికి అర నెలే. యూఏఈలో బేసిక్ మాత్రమే, కానీ 21 రోజులు.

బొబ్బిలి మాస్టారూ, 26 అన్నది మన ఇండియా గ్రాట్యుటీ లెక్కలోది, 1972 నాటి చట్టంతో వచ్చింది, నెల జీతాన్ని 26తో భాగించి ఏడాదికి 15 రోజులు. యూఏఈలో నెల అంటే 30 రోజులు. రోజుకి 100, ఏడాదికి 2,100, ఐదేళ్లకి 10,500, పై రెండేళ్లకి 6,000, మొత్తం 16,500.

బొబ్బిలి_లెక్కలు:
శుక్రవారమో ఆదివారమో సెలవు లేకుండా ఎవరైనా పని చేస్తారా? 30 రోజులకి పని చెయ్యని మనిషికి 30తో భాగిస్తే 1,615 దిర్హాములు తగ్గిపోతున్నాయి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన వాణ్ణి, నాకు భాగహారం నేర్పకండి.

నరసన్నపేట_మూర్తి:
భాగహారం తప్పు అనలేదు, విభాజకం తప్పు అన్నాను. తప్పు అంకె పట్టుకుని ఫిర్యాదు పెడితే స్కూలు వాళ్లు 'ఈయన అడిగేది చట్టంలోనే లేదు' అని దాని మీదే వారాలు లాగుతారు. మిగతా న్యాయమైన డబ్బు కూడా ఆగుతుంది. అందుకే పట్టుదలగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి.

చీపురుపల్లి_లీగల్:
గల్ఫ్ లేబర్ కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ఆ చట్టాలు నాకు కంఠతా. అందరూ ఒక సంగతి మర్చిపోయారు. టీచరు తనంతట తాను రిజైన్ చేస్తే మూడేళ్లలోపు మూడో వంతు, ఐదేళ్లలోపు మూడింట రెండు వంతులే గ్రాట్యుటీ. ఏ కాగితం రాసిచ్చారో ముందు చెప్పండి.

పార్వతీపురం_ఇంగ్లిష్:
సర్, అది 1980 నాటి చట్టం. 2021లో వచ్చిన 33వ నంబరు డిక్రీ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఏడాది నిండితే చాలు, రిజైన్ చేసినా తీసేసినా గ్రాట్యుటీ పూర్తిగా వస్తుంది. ఈ పాత మాట నమ్మి ఎంతమంది టీచర్లు సగం డబ్బు వదులుకుని ఊరికొచ్చేశారో! హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఇదే పాత పట్టిక చూపిస్తారు. లీగల్ అని పేరు పెట్టుకుని మీరూ అదే చెబితే ఎలాగండీ?

చీపురుపల్లి_లీగల్:
మేడమ్, మాట తగ్గించి రాయండి. సౌదీలో ఆ కోత ఇప్పటికీ ఉంది. రెండేళ్ల లోపు రిజైన్ చేస్తే సున్నా, రెండు నుంచి ఐదేళ్లకి మూడో వంతు, ఐదు నుంచి పదేళ్లకి మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితేనే పూర్తి. అక్కడున్నవాళ్లు ఇక్కడ చదువుతున్నారు కదా.

టెక్కలి_రియాద్:
ఇది నిజం. అందుకే సౌదీలో కాంట్రాక్టు ఆఖరైతే ఎవరూ రిజిగ్నేషన్ రాయకూడదు. 'ఫార్మాలిటీకి ఒక లెటర్ ఇవ్వండి' అంటారు, ఇస్తే మూడో వంతు గోవిందా. గడువు దానంతట అదే ముగిసినట్టు కివా పోర్టల్లో (సౌదీ కార్మిక శాఖ ఆన్‌లైన్ సైటు) పడాలి. లేడీ టీచర్లకి ఒక మినహాయింపు ఉంది: పెళ్లయిన ఆరు నెలల్లోపు గానీ, కాన్పు అయిన మూడు నెలల్లోపు గానీ రిజైన్ చేస్తే పూర్తి గ్రాట్యుటీ. ఇది చాలామందికి తెలీదు.

ఫైనల్ ఎగ్జిట్ (సౌదీ వదిలి వెళ్లే వీసా) కొట్టించాక 60 రోజుల దాకా టైము. ఎగ్జిట్ కొట్టే రోజుకి ఇకామా (రెసిడెన్సీ కార్డు) గడువు మిగిలి ఉండాలి. డబ్బు పడకుండా ఎగ్జిట్‌కి ఒప్పుకోకండి.

మోడరేటర్:
స్కూళ్ల పేర్లు, ఏజెంట్ల నంబర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. సంగతి మాత్రమే రాయండి.

పార్వతీపురం_ఇంగ్లిష్:
రాజాం మాస్టారి అసలు ప్రశ్న ఎవరూ చూడలేదు, వీసా. చెప్తాను.

క్యాన్సిల్ రెండు మెట్లు. ముందు వర్క్ పర్మిట్, అది లేబర్ మినిస్ట్రీలో, దానికే మీ సంతకం కావాలి. తర్వాత రెసిడెన్సీ, షార్జాకి ఐసీపీలో (యూఏఈ ఇమిగ్రేషన్ శాఖ). ఆ తర్వాత ఉండటానికి ఇచ్చే గడువు అందరికీ ఒకటి కాదు, మీ కేటగిరీని బట్టి 30 రోజుల నుంచి 180 రోజుల దాకా ఉంటుంది. పక్కింటాయనకి 60 ఇచ్చారని మీరూ 60 అనుకోవద్దు. క్యాన్సిలేషన్ కాగితం మీద ఆఖరి తేదీ అచ్చయి ఉంటుంది, అదే లెక్క. దాటితే రోజుకి 50 దిర్హాములు ఫైను, ముగ్గురికీ విడివిడిగా.

మీ వీసా మీద భార్యాబిడ్డలు ఉండగా మీది క్యాన్సిల్ కాదు. ముందు వాళ్లవి క్యాన్సిల్ చేయించాలి, లేదా ఫ్యామిలీ ఫైలు హోల్డులో పెట్టించాలి. ఇంకో స్కూల్లో చేరే ఆశ ఉంటే హోల్డు. ఊరికి వచ్చేస్తున్నారు కాబట్టి క్యాన్సిలే మంచిది. బాబు టీసీ కూడా అంతకుముందే తీసుకోండి, ఫీజు బాకీ అని ఆఖరి వారంలో ఆపేస్తారు.

పలాస_కొరియా:
పెన్షన్ గురించి అడిగారు కదా. గల్ఫ్‌లో మనకి పెన్షన్ లేదు, గ్రాట్యుటీతో సరి. కొరియాలో ఉంది, అక్కడి ఇబ్బంది వేరు. 2025 దాకా జీతంలో 4.5 శాతం మనది, 4.5 శాతం స్కూలుది, 2026 నుంచి 4.75 చొప్పున. ఇండియాకి కొరియాతో సోషల్ సెక్యూరిటీ ఒప్పందం 2011 నవంబరు నుంచి ఉంది కాబట్టి దేశం వదిలి వెళ్లేటప్పుడు రెండు భాగాలూ వడ్డీతో ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు. కొన్ని ప్రైవేటు ట్యూషన్ సంస్థలు జీతంలోంచి కోస్తాయి, పెన్షన్ ఆఫీసుకి మాత్రం కట్టవు. పేస్లిప్ చూస్తే అంతా కట్టినట్టే కనిపిస్తుంది. 1355కి ఫోన్ చేసి, లేదా ఆఫీసుకి వెళ్లి, నెలవారీ జమ చిట్టా తీయించుకోండి. ఖాళీ నెలలు కనబడితే కాంట్రాక్టు నడుస్తుండగానే ఫిర్యాదు పెట్టాలి. వీసా అయిపోయాక వెంటపడటం చాలా కష్టం. వెనక్కి తీసుకునేందుకు పాస్‌పోర్టు, విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, నెల లోపల బయల్దేరే టికెట్టు కావాలి.

ఇచ్ఛాపురం_జే1:
అమెరికాకి జే1 (ఎక్స్ఛేంజి వీసా) మీద వెళ్లే టీచర్లకీ ఇలాంటి చిక్కులే. మూడేళ్లు, ఆ పైన రెండేళ్లు పొడిగింపు, డీఎస్-2019 (జే1 అర్హత పత్రం) మీద ఆఖరి తేదీ నుంచి 30 రోజులు, అంతే. ఇండియాతో అమెరికాకి ఒప్పందం లేదు, కాబట్టి సోషల్ సెక్యూరిటీకి కట్టింది పదేళ్లు నిండకపోతే చేతికి రాదు. రాష్ట్ర టీచర్ల పెన్షన్‌కి కోసింది మాత్రం వదలకండి. నార్త్ కరోలినాలో జీతంలో 6 శాతం, అప్లై చేస్తే మన వాటా వెనక్కిస్తారు. డిస్ట్రిక్టు వాళ్లు ఆ ఫారం గురించి తమంతట తాము చెప్పరు.

బొబ్బిలి_లెక్కలు:
అమెరికా, కొరియా సరే. 26 గురించి నాకింకా జవాబు రాలేదు.

నరసన్నపేట_మూర్తి:
వచ్చింది. 30.

రాజాం_ఫిజిక్స్:
అందరికీ నమస్కారం. 30 లెక్కే తీసుకుంటాను. నోటీసు ఉత్తరం జూన్ 20 తేదీతో ఇచ్చారు. కాంట్రాక్టులో నోటీసు రెండు నెలలు అని ఉంది. జూలై 5కి ఒప్పుకుంటే ఏం పోతుంది?

పార్వతీపురం_ఇంగ్లిష్:
చాలా పోతుంది. జూన్ 20 నుంచి రెండు నెలలంటే ఆగస్టు 20. మీ కాంట్రాక్టు 31 దాకా. జూలై 5కే కోసేస్తే 57 రోజులు తగ్గుతాయి. గ్రాట్యుటీలో తగ్గేది 468 దిర్హాములే, కానీ వేసవి సెలవుల జీతం దాదాపు రెండు నెలలది, పది వేల దిర్హాముల పైమాట, అదీ పోతుంది. స్కూళ్లు జూలై మొదటి వారం మీద పట్టుబట్టేది ఇందుకే. నోటీసు కాలానికి పూర్తి జీతం ఇవ్వాలి, పని ఇచ్చినా ఇవ్వకపోయినా. తేదీ మార్చిన కాగితం ఏది తెచ్చినా ఆగస్టు 31 అని రాయమనండి.

వాళ్లు రాయనంటే మినిస్ట్రీ యాప్‌లో, లేదా 600590000కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. కాంట్రాక్టు, ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు, నోటీసు ఉత్తరం దగ్గరుంచుకోండి. 50,000 దిర్హాముల లోపు అయితే మినిస్ట్రీయే తీర్పు చెప్పగలదు, కోర్టు దాకా వెళ్లకుండా. కేసు వేయడానికి ఇప్పుడు రెండేళ్ల గడువు ఉంది, 2024 సవరణకి ముందు ఒక్క ఏడాదే. అయినా దేశంలో ఉండగానే పెట్టడం వేరు. వెళ్లిపోవలసి వస్తే అక్కడి నోటరీలోనే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రండి. ఇక్కడ నుంచి పంపాలంటే నోటరీ, రాష్ట్రం, విదేశాంగ శాఖ, యూఏఈ కాన్సులేటు, మళ్లీ అక్కడ అరబిక్ అనువాదం. హైదరాబాదులో కాన్సులేటు 2023 నుంచి ఉంది గానీ శ్రీకాకుళం నుంచి అదంతా తిరగడం మాటలు కాదు.

చీపురుపల్లి_లీగల్:
నిరుద్యోగ ఇన్సూరెన్సు ఎవరూ చెప్పలేదు. బేసిక్ 16,000 లోపు వాళ్లు నెలకి 5 దిర్హాములు కడతారు. ఏడాది వరసగా కట్టి, రిజైన్ చెయ్యకుండా ఉద్యోగం పోతే బేసిక్‌లో 60 శాతం, మూడు నెలల దాకా ఇస్తారు. 30 రోజుల్లో క్లెయిమ్ పెట్టాలి. కానీ దేశం వదిలితే రాదు, మాస్టారు అది చూసుకోవాలి.

గజపతినగరం_సీఏ:
పన్ను సంగతి. ఆగస్టులో వస్తే మార్చి లోపల ఇండియాలో 182 రోజులు దాటుతాయి, ఆ ఏడాదికి రెసిడెంటు అవుతారు. భయపడక్కర్లేదు: గత ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకపోతే విదేశీ సంపాదన మీద పన్ను పడదు. వేసవికి ఏటా రెండు నెలలు వచ్చినా 420 దాటవు. పాస్‌పోర్టు ముద్రల పేజీలన్నీ స్కాన్ చేసి ఉంచుకోండి, లెక్క వాటితోనే. వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాని (విదేశాల్లో ఉండేవాళ్ల బ్యాంకు ఖాతా) రెసిడెంటు ఖాతాగా మార్పించండి.

రాజాం_ఫిజిక్స్:
సర్టిఫికెట్ సంగతి ఎవరైనా?

నరసన్నపేట_మూర్తి:
స్కూలు ముద్రతో తీసుకోండి, ఫీజు అడగకూడదు, అది వాళ్ల బాధ్యత. తర్వాత యూఏఈ విదేశాంగ శాఖ, ఆపైన దుబాయ్ ఇండియన్ కాన్సులేటు. ఏ తరగతులకి ఏ సబ్జెక్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాయించండి. 'టీచరుగా పని చేశారు' అని ఒక్క లైనుతో ఇచ్చేస్తారు, అది మన ఊళ్లో పనికిరాదు.

బ్యాంకు అకౌంటు మాత్రం ఇప్పుడే మూయకండి. ఆఖరి డబ్బు పడేది అందులోకే. కార్డు, లోను బాకీ ఉంటే మాత్రం ఇప్పుడే తీర్చి బాకీ లేదన్న ఉత్తరం తీసుకోండి. ఉద్యోగం పోయిందని తెలియగానే బ్యాంకు ఖాతా బిగించేస్తుంది, గ్రాట్యుటీ వచ్చినా తీసుకోనివ్వదు.