అప్‌డేట్: సీడీ-ఐ తరహా గేమ్‌లో ఎగుడుదిగుడు పిక్సెళ్లు సర్దుకున్నాయి

ఫిలిప్స్ సీడీ-ఐ అనే పాత గేమ్ యంత్రంలో 1993లో వచ్చిన జెల్డా గేమ్‌ల తరహాలో చేస్తున్న గేమ్‌లో పిక్సెళ్లు ఒక్కోచోట ఒక్కో సైజులో కనిపిస్తున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. 360×240 బొమ్మని 1080 గీతల తెరకి సాగదీస్తే నాలుగున్నర రెట్లవుతుంది. ఆ అర వల్లే కొన్ని వరసలకి 4, కొన్నిటికి 5 పిక్సెళ్లు వస్తున్నాయి. సరిగ్గా 4 రెట్లు, అంటే 1440×960 పెట్టి, పైనా కిందా 60 గీతల చొప్పున నలుపు వదిలేశాను. బొమ్మని పెద్దది చేసే ఫిల్టర్ నియరెస్ట్‌లోనే (పిక్సెళ్లని కలిపి మసకబార్చని పద్ధతి) ఉంచండి.

జంప్ మాత్రం పాత పద్ధతిలో పై బాణానికి పెట్టకండి. 2024లో ఇదే తరహాలో వచ్చిన ఆర్జెట్ అనే గేమ్ దానికి వేరే బటన్ ఇచ్చింది, అదే సరైన పని. అందులో ఆ సీడీ-ఐ జెల్డా గేమ్‌ల పాత గొంతులే, జెఫ్రీ రాత్, బోనీ జీన్ విల్బర్‌లవే, మళ్లీ వినిపిస్తాయి. ప్రేమంటే అదీ!

ఇంకోటి, పాత్ర నిలబడే అంచు మీద ఒక పిక్సెల్ లేత గీత గీస్తే చాలు, పెయింటింగ్‌లా ఉన్న వెనక బొమ్మలో మెట్టు ఏదో వెంటనే తెలుస్తుంది.