కాన్పు గదిలో మన మాట వినాలంటే ఎట్లా చెప్పాలి, ఎవరితో చెప్పించాలి?

శ్రీకాళహస్తి పిన్ని:
తిరుపతిలో కాన్పుకు చేరబోయేవాళ్ళ కోసం అడుగుతున్నా. నొప్పులు ఎక్కువైనాయంటే "గమ్మునుండమ్మా, ఇంకా టైముంది" అని వెళ్ళిపోతారనే మాట మన పక్క ప్రతి ఇంట్లో వింటాం. లోపల ఏమని చెప్తే సిస్టర్ నిలబడి చూస్తుంది? ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

రాత్రి డ్యూటీ సిస్టర్:
"నొప్పి" అన్న ఒక్క మాటతో పని జరగదు. గదిలో ఆరుగురుంటే ఆరుగురూ అదే అంటారు. లెక్క చెప్పండి. పది నిమిషాల్లో ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కోటి ఎన్ని సెకన్లుంది. "పది నిమిషాల్లో నాలుగు, ఒక్కోటి 50 సెకన్లు" అంటే ఎవరైనా ఆగుతారు. నొప్పులు తెప్పించే మందు సెలైన్‌లో ఎక్కుతున్నప్పుడు పది నిమిషాల్లో అయిదుకు మించితే వెంటనే చెప్పాలి, చుక్కల వేగం తగ్గించాల్సి రావొచ్చు.
లెక్కతో పనిలేకుండా అప్పటికప్పుడు చెప్పాల్సినవి ఇవి: ఉమ్మనీరు ఆకుపచ్చగా పోవడం, రక్తం పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, కళ్ళు మసకలు, భరించలేని తలనొప్పి, నొప్పికీ నొప్పికీ మధ్య పొట్ట మెత్తబడకుండా రాయిలా ఉండిపోవడం. ముందు ఆపరేషన్ అయినవాళ్ళకు పాత కుట్టు దగ్గర ఆగని నొప్పి వస్తే అది కూడా. "దొడ్డికి వచ్చినట్టుంది, ముక్కాలనిపిస్తోంది" అంటే బిడ్డ తల కిందికి దిగిందేమో చూడాలి, అప్పుడు బాత్రూముకు పంపకూడదు.

పుత్తూరు ఆశా:
ఆ లెక్క నొప్పులు పడే మనిషి పెట్టలేదు, తోడున్న మనిషి పెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. షరతులున్నాయి: ఆడమనిషి, తనకు కాన్పు అయినామె అయితే మేలు, అంటువ్యాధులు ఉండకూడదు, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, చివరిదాకా ఉండాలి, వైద్యానికి అడ్డుపడకూడదు, పక్క బెడ్ల వాళ్ళ జోలికి పోకూడదు. ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. గంటకొకరు మారతారు, అమ్మ పోయి అత్త వస్తుంది, గార్డు తలుపు మూసేస్తాడు. ఒక్కరినే ఖాయం చేసుకోండి. తలుపు దగ్గర గార్డుతో వాదించొద్దు. చేరేటప్పుడే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు తోడు మనిషి పేరు చెప్పి, కేసు షీటులో రాయించండి.
నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళమే మాట్లాడేవాళ్ళు తెలుగు బాగా వచ్చిన మనిషిని తోడు పెట్టుకుంటే మంచిది. నొప్పుల్లో నోటికొచ్చేది ఇంటి భాషే.

చిత్తూరు అక్క:
అన్నీ సరే, బాధ్యతంతా ఆడమనిషి నోటిమీద పెట్టొద్దు. వినడం సిబ్బంది పని. కాన్పు గదులు బాగుచేయడానికి కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో మర్యాదగా చూడటం, తెరలు కట్టడం, తోడును ఉండనివ్వడం ఆసుపత్రికి మార్కులు వేసే అంశాలు. తిట్టడం, తొడమీద కొట్టడం ఏ వైద్యంలోనూ లేవు. బిడ్డను బయటికి తోయడానికి పొట్టమీద ఒత్తొద్దని, అందరికీ అలవాటుగా కింద కోత పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో ఉంది. గర్భసంచి ముఖం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపెట్టనక్కరలేదని కూడా అందులోనే ఉంది.

రాత్రి డ్యూటీ సిస్టర్:
అక్క చెప్పింది నిజం. ఒక్క తేడా గుర్తుంచుకోండి. మాయ పడ్డాక పొట్టమీద చెయ్యిపెట్టి గర్భసంచి గట్టిపడిందా అని చూడటం మాత్రం అవసరం. నొప్పిగానే ఉంటుంది, అయినా ముందు చెప్పి చెయ్యాలి.
కుట్ల విషయం. మత్తు సూది వేశాక రెండు మూడు నిమిషాలు ఆగాలి. తొందరలో ఆగరు, అందుకే సూది గుచ్చుకున్నట్టు తెలుస్తుంది. "ఇంకా తెలుస్తోంది, మందు పట్టలేదు" అని మొదటి కుట్టుకే చెప్పండి. ఆపరేషన్లో అయితే లాగినట్టు, కదిలించినట్టు ఉంటుంది కానీ పదునైన నొప్పి ఉండకూడదు. ఉంటే మత్తు డాక్టరుకే చెప్పాలి, ఆయన తలదగ్గరే ఉంటారు.

పలమనేరు నుంచి:
కాన్పు అయ్యాక కూడా వినరు కదా? "కుట్లన్నాక నొప్పుండదా" అంటారు.

రాత్రి డ్యూటీ సిస్టర్:
ఉంటుంది, కానీ తగ్గుతూ రావాలి. పెరుగుతూ, దొడ్డి వైపు ఒత్తిడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. "గంట కిందటికంటే ఎక్కువైంది, ఒకసారి కుట్లు చూడండి" అని అడగండి.
మొదటి రెండు గంటలు పావుగంటకోసారి బీపీ, నాడి, రక్తస్రావం చూడాలి. పడుకున్న మనిషికి రక్తం వెనక్కి, నడుము కిందికి పోతుంది, ప్యాడ్ మాత్రం పొడిగా కనిపిస్తుంది. తోడున్నామె దుప్పటి కింద చెయ్యిపెట్టి చూడాలి. తడిసిన ప్యాడ్లు పారేయొద్దు, చూపించండి. ఎన్ని గంటలకు మార్చారో కూడా చెప్పండి. కళ్ళు తిరుగుతున్నా, చెమటలు పట్టినా ఆగొద్దు.

చిత్తూరు అక్క:
డ్యూటీ మారేటప్పుడు మాట జారిపోతుంది. చాలాచోట్ల ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8కి మారతారు. కొత్త సిస్టర్ రాగానే తోడు మనిషి మళ్ళీ మొదటినుంచి చెప్పాలి: ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, చివరి లోపలి పరీక్ష ఎప్పుడు, ఎంత తెరుచుకుంది. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి విని షీటులో రాయాలి. "ఇప్పుడెంత ఉంది, రాశారా?" అని మర్యాదగా అడగొచ్చు. వినకపోతే "డ్యూటీ డాక్టరుకు చెప్పినట్టు టైముతో రాయండి సిస్టర్" అనండి. రాయమంటే చాలామంది ముందు ఫోన్ చేస్తారు.

శ్రీకాళహస్తి పిన్ని:
జరగకూడనిది జరిగిపోయాక?

పుత్తూరు ఆశా:
డిశ్చార్జికి ముందే కేసు షీటు నకలు కోసం ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) వేసి అర్జీ ఇవ్వండి. 2002 వైద్య మండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఫిర్యాదు సూపరింటెండెంట్ పేరున, తేదీ, టైము, షిఫ్టు, ఏం అడిగారు, ఏం జవాబొచ్చింది, అంతే. తిట్లు, ఊహలు వద్దు. మీ దగ్గరుంచుకునే రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలకపోతే డీఎంహెచ్‌ఓకు (జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి), సోమవారం కలెక్టరేట్ అర్జీల్లోనూ ఇవ్వండి. 2022లో చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది, ఆసుపత్రి తిరుపతిలో ఉంటే మీ ఊరు పలమనేరైనా తిరుపతి డీఎంహెచ్‌ఓకే ఇవ్వాలి.
ఇంకోటి. చిన్న ఆసుపత్రి నుంచి తిరుపతికి పంపేటప్పుడు రిఫరల్ చీటీ లేకుండా 108 ఎక్కొద్దు. బీపీ ఎంత, ఏ సూది ఎన్ని గంటలకు వేశారు అన్నది అందులో ఉండాలి. నోటిమాటగా తెస్తే అక్కడ మళ్ళీ మొదటినుంచే మొదలుపెడతారు.