అంబాసిడర్ డోర్ ప్యాడ్లకి క్లిప్పుల బదులు మ్యాగ్నెట్లు: ఎన్ని, ఎక్కడ?

ఇచ్ఛాపురం_రెక్సిన్:
పాత అంబాసిడర్, డోర్ లోపలివైపు కప్పే 3 మి.మీ. హార్డ్‌బోర్డు ప్యాడ్లు. వాన నీటికి బోర్డు ఉబ్బి క్లిప్పు కన్నాలన్నీ చిరిగిపోయాయి. అద్దం ఎక్కించి దించే మెషిన్ కోసం మాటిమాటికీ ఊడదీసే డోర్లు కాబట్టి మ్యాగ్నెట్లు పెడదామని. ప్యాడ్ బరువు రెక్సిన్, ఫోమ్‌తో కలిపి సుమారు 2 కిలోలు. 20×3 మి.మీ. ఎన్42 (బలాన్ని చెప్పే గ్రేడు) మ్యాగ్నెట్ బిళ్ల ఒక్కోటి 4 కిలోలు లాగుతాదని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నాలుగు మూలలా నాలుగు చాలవా?

గంజాం_ట్రిమ్‌షెడ్:
చాలవు. ఆ 4 కిలోల లెక్క దళసరి ఇనప దిమ్మ మీద, నున్నగా తోమిన ముఖం మీద, తిన్నగా లాగితే వచ్చేది. డోర్ లోపలి రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. రేకు తాగగలిగినంత తాగి మిగతా బలం అవతలికి కారిపోతాది. పరీక్ష చాలా సులువు: బిళ్ల రేకుకి అంటించి, డోర్ రేకులోని సర్వీసు కన్నంలోంచి చెయ్యి పెట్టి, రేకు వెనక చిన్న మేకు ఆనించండి. మేకు అతుక్కుందంటే ఆ మేరకు బలం వృథా. అలాంటప్పుడు 5 మి.మీ. మందం బిళ్ల కొన్నా పెద్దగా కలిసిరాదు, డబ్బు దండగ. దానికి బదులు సంఖ్య పెంచండి: అంచు పొడవునా 15 సెం.మీ.కి ఒకటి చొప్పున, ఒక ప్యాడ్‌కి 12 నుంచి 14. తాళం వైపు, కబ్జాల వైపు రేకు రెండు పొరలుగా ఉంటాది, అక్కడ పట్టు బాగుంటాది.

ఇంకో ఉపాయం. 1.5 మి.మీ. ఇనప పట్టీ ముక్క మీద రెండు బిళ్లలు పక్కపక్కన, ఒకదాని ఉత్తర ధ్రువం, రెండోదాని దక్షిణ ధ్రువం రేకు వైపు తిరిగేలా అంటించండి. బలం ఒక బిళ్లలోంచి రేకు గుండా పక్కదానిలోకి దగ్గరదారిన పోతాది. పలచ రేకు మీద ఒంటి బిళ్ల కంటే ఈ జంట గట్టిగా పడతాది.

కొరాపుట్_ఘాట్:
అసలు సంగతి వేరే ఉంది. ప్యాడ్ బరువు కిందికి జారుతుంది, మ్యాగ్నెట్ పట్టేదేమో లోపలికి. జారుడుకి అడ్డుపడేది రాపిడి ఒక్కటే, అది లాగే బలంలో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా, అంతే. ఘాట్ రోడ్డు కుదుపులకి ప్యాడ్ రోజుకి కాస్త చొప్పున దిగిపోయి, చివరికి తాళం హ్యాండిల్ కన్నానికి తగులుకుంటుంది. బరువు మ్యాగ్నెట్ల మీద వెయ్యకండి. పై అంచు అద్దం పట్టీ కిందికి దూరేలా చూడండి. కింద 'ఎల్' ఆకారంలో వంచిన 1 మి.మీ. రేకు ముక్కలు రెండు డోర్‌కి రివెట్ చేసి ప్యాడ్‌ని వాటిమీద కూర్చోబెట్టండి. డోర్ రేకులోని పాత క్లిప్పు కన్నాల్లో రెండింటికి నైలాన్ పిన్నులు పెడితే ముందుకీ వెనక్కీ కదలదు. ఇంతా అయ్యాక మ్యాగ్నెట్లు చేసే పని ప్యాడ్‌ని రేకుకి అదిమి ఉంచడమే.

ఆర్మ్‌రెస్ట్, డోర్ లాగే పట్టీ మాత్రం ప్యాడ్‌కి బిగించొద్దు. ప్యాడ్ గుండా పోయి డోర్ రేకులోకే బోల్టు పడాలి. లేదంటే తలుపు లాగినప్పుడు ప్యాడే చేతికొస్తుంది.

పర్లాకిమిడి_పానా:
అంటించే పద్ధతి చెబుతాను, చాలామంది ఇక్కడే చెడగొడతారు. కొలతలు తీసి బోర్డుకి ముందే అంటిస్తే రేకు ఎత్తుపల్లాల వల్ల సగం బిళ్లలు ఆనవు. అర మిల్లీమీటరు ఖాళీ వచ్చినా పట్టు బాగా పడిపోతుంది. అందుకని తిరగేసి చెయ్యండి. బిళ్లలన్నీ మొదట డోర్ రేకు మీదే చోటు చూసి నిలబెట్టండి. మధ్యలో పలచని పాలిథిన్ ఉంటే జిగురు కారినా రేకుకి అంటదు. బిళ్ల పైముఖాన్ని 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. నికెల్ పూత నున్నదనానికి జిగురు పట్టదు. రెండు ట్యూబుల ఎపాక్సీ శనగగింజంత పెట్టి, ప్యాడ్‌ని దాని స్థానంలో కూర్చోబెట్టి, 24 గంటలు కదపకండి. ఎపాక్సీ ఎత్తుపల్లాలు నింపేస్తుంది, ప్రతి బిళ్లా రేకుకి సమంగా ఆనుతుంది. క్షణంలో అంటుకునే చిన్న ట్యూబు జిగురు పెళుసు. డోర్ నాలుగుసార్లు గట్టిగా వేస్తే బిళ్ల రేకు మీదే ఉండిపోతుంది. బోర్డు వెనకవైపు, అంచులు ముందే వార్నిష్ వేసి ఆరనివ్వాలి, ఉబ్బిన బోర్డు మీద ఏ జిగురూ నిలవదు.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి:
ఎపాక్సీ ఒక్కదాన్నే నమ్మొద్దు. మామూలు రకం 60 డిగ్రీలకి మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండిలో, అద్దం పక్క పై అంచుకి అంత వేడి రావడం వింత కాదు. పై వరసకి మధ్యలో కన్నమున్న బిళ్లలు తీసుకుని, రెక్సిన్ చుట్టకముందే ఎమ్4 (4 మి.మీ.) బోల్టుతో బిగించండి. ముందువైపు పెద్ద వాషరు, సన్న నట్టు. మిగిలిన బోల్టు కోసేస్తే 6 మి.మీ. ఫోమ్ కింద కనబడదు. అతిగా బిగిస్తే బిళ్ల చిట్లుతుంది, అది పింగాణీలాంటిది.

మ్యాగ్నెట్లలో మామూలు గ్రేడు 80 డిగ్రీల దాకానే. అది దాటితే పోయిన బలం చల్లారాక పూర్తిగా తిరిగి రాదు. నంబరు చివర 'హెచ్' ఉన్నవి 120 దాకా ఓర్చుకుంటాయి. ఎన్52 కంటే ఎన్42హెచ్ మేలు. ఇంక సముద్రపు గాలి: పూత ఎక్కడ పెచ్చు లేచినా లోపల తుప్పుపట్టి పొడైపోతుంది. మీదట ఒక పొర క్లియర్ లాకర్ కొట్టండి, మందంగా మాత్రం వద్దు.

ఇచ్ఛాపురం_రెక్సిన్:
జారుడు సంగతి తట్టలేదు, ధన్యవాదాలు. ఇదే పద్ధతి కొత్త కార్లకి?

గంజాం_ట్రిమ్‌షెడ్:
వద్దు బాబూ. కొన్ని కొత్త బళ్లలో ఎయిర్‌బ్యాగ్ కోసం డోర్ లోపల గాలి ఒత్తిడి పసిగట్టే సెన్సర్ ఉంటాది. ప్యాడ్, సీలు కదిలితే దాని లెక్క తప్పుతాది. వాటికి కంపెనీ క్లిప్పులే. అంబాసిడర్‌కి కూడా ప్యాడ్ వెనక పాలిథిన్ షీటు మానొద్దు. బిళ్ల ఆనేచోట మటుకే కత్తిరించండి.

కొరాపుట్_ఘాట్:
రివెట్ కన్నాలు కొట్టాక డోర్ లోపలి ఇనప రజను పూర్తిగా ఊడ్చెయ్యండి. ఒక్క రవ్వ మిగిలినా బిళ్ల ముఖం మీదికి చేరుతుంది. తర్వాత ప్యాడ్ ఆనదు, పైగా టకటకమంటుంది. ముఖాలు శుభ్రం చెయ్యడానికి గుడ్డ పనికిరాదు, ఆటా (గోధుమపిండి) ముద్దతో అద్ది తీస్తేనే రజను వస్తుంది.

పర్లాకిమిడి_పానా:
కింది అంచు వెనక ఒక రిబ్బను ముక్క కూడా అంటించి, కొస బయటికి వదలండి. అది పట్టుకుని కింద నుంచి ఒక్కో బిళ్లే విడదీస్తే ప్యాడ్ వంగదు. వేళ్లు మాత్రం బిళ్లకీ రేకుకీ మధ్య పెట్టకండి.