హెపటైటిస్ బీకి టెనోఫోవిర్: మూత్రపిండాల భయంతో అందరికీ మందు మార్చాలా?

ప్రశ్న వేసినవారు:
టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ 300 మిల్లీగ్రాముల మాత్రను ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయన్నది అందరూ ఒప్పుకునే విషయమే. 2016లో అమెరికాలో ఆమోదం పొందిన దాని కొత్త రూపం టెనోఫోవిర్ అలాఫెనమైడ్ 25 మిల్లీగ్రాములతోనే కాలేయంలో పని చేస్తుంది, రక్తంలో తిరిగే టెనోఫోవిర్ దాదాపు 90 శాతం తగ్గుతుంది. అందువల్ల పాత మాత్రను అందరికీ మార్చేయాలని నా వాదన.

సమాధానం:
మీ ఆందోళన సరైనదే గాని, ‘అందరికీ’ అన్న మాటతోనే నాకు పేచీ. ఆ పాత మాత్రను నేను ఆరేళ్లు వాడాను. అయిదో ఏట మడమల్లో, పక్కటెముకల్లో నొప్పులు మొదలైతే, మూత్రపిండాల వడపోత ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో మామూలుగానే ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక ఉదయం మూత్రంలో ముంచిన పరీక్ష పట్టీ చక్కెర ఉన్నట్టు రంగు మారింది. అదే పూట తీసిన రక్తంలో చక్కెర మాత్రం సరిగ్గానే ఉంది, ఎముకల బలానికి కావలసిన ఫాస్ఫేటు బాగా పడిపోయింది. అంటే వడపోత బాగానే సాగుతున్నా, వడకట్టిన ద్రవంలోంచి చక్కెరనూ ఫాస్ఫేటునూ తిరిగి పీల్చుకోవలసిన సూక్ష్మనాళికలు దెబ్బతిన్నాయన్నమాట. ఈ మందు ఆ నాళికల కణాల్లో పేరుకుంటే, వాటికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పాడవుతుంది. పైగా మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటున్నానని నేను డాక్టరుకు చెప్పనే లేదు. అలాంటి మాత్రలు ఈ ముప్పును పెంచుతాయి.

ఇంత జరిగినా నేను అందరికీ మార్చమనను. అరవై దాటినవారికి, ఎముకల జబ్బు ఉన్నవారికి, మూత్రపిండాలు ముందే బలహీనపడినవారికి అలాఫెనమైడ్ గాని ఎంటెకావిర్ అనే మరో మందు గాని మేలని యూరోపియన్ కాలేయ వైద్యుల సంఘం 2017లోనే చెప్పింది. ఇంకో హెపటైటిస్ బీ మందు లామివుడిన్‌కు వైరస్ లొంగనివారికి మాత్రం ఎంటెకావిర్ తగదు. మూత్రపిండాలు బాగున్న యువతకు, గర్భిణులకు పాత మాత్రతో సుదీర్ఘమైన అనుభవం ఉంది. కొత్తదానికి మారినవారిలో కొలెస్టరాల్ పెరగడం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న వేసినవారు:
పరీక్షలు సక్రమంగా జరిగితేనే మీ మాట నిలుస్తుంది. మీకే అవి సకాలంలో జరగలేదు కదా?

సమాధానం:
జరగలేదు, అది నిజం. మూత్రంలో చక్కెర, ప్రొటీను, రక్తంలో ఫాస్ఫేటు క్రమం తప్పకుండా చూడలేని పరిస్థితి ఉంటే కొత్త మాత్రే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ చర్చ చదివి ఎవరూ తమంతట తాము మాత్ర ఆపవద్దని వేడుకుంటున్నాను. హఠాత్తుగా ఆపితే వైరస్ విజృంభించి కాలేయం విఫలం కావచ్చు. అదుపు లేని హెపటైటిస్ బీ కూడా మూత్రపిండాల వడపోత పొరలను దెబ్బతీయగలదు. నాకు ముందు కొత్త మాత్ర రాసిచ్చి, ఆ తర్వాతే పాతది మాన్పించారు.