పద్మిని కారు ముందు అద్దం మూలలో నీరు కారుతోంది, సలహా కావాలి

మాది విజయనగరం. 1984 నాటి ప్రీమియర్ పద్మిని. ముందు అద్దానికి కొత్త రబ్బరు వేయించాక కూడా వాన పడితే ఎడమవైపు నీరు లోపలికి వస్తోంది. పైపుతో అద్దం కింది అంచున నీళ్లు పోస్తే ఏమీ కాదు. ఎడమ పై మూలలో పోస్తే 5 నిమిషాల్లో డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ తడుస్తుంది.

అదే మూలలో క్రోమ్ బీడింగ్ (రబ్బరు గాడిలో దూర్చే మెరుపు పట్టీ) నిలవడం లేదు. సబ్బునీళ్లు రాసి నొక్కితే కూర్చుంటుంది, మధ్యాహ్నం ఎండ తగిలితే 3 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. రబ్బరును అద్దానికి అదిమిపెట్టేది ఆ బీడింగే కనుక, నీటికి దారి అక్కడే దొరుకుతోందని నా నమ్మకం.

గట్టిపడని సీలెంటు అద్దానికీ రబ్బరుకూ మధ్య నింపాను. కొద్దిరోజులు ఆగి మళ్లీ మొదలైంది. విశాఖపట్నంలో దొరికిన మరో రబ్బరుకు గాడి ఇంకా వెడల్పు, బీడింగ్ అసలే నిలవలేదు. సిలికాన్ మాత్రం పూయను. తర్వాత గీకి తీస్తే పెయింటు పోతుంది, దాని కింద నీరు నిలిస్తే రేకు తుప్పు పడుతుంది. ఇంతకాలం కాపాడుకున్న బండికి ఆ పని చేయలేను. పోల్చి చూడటానికి పాత రబ్బరు ముక్క కూడా మిగల్లేదు.

అద్దం మళ్లీ ఊడదీయకుండా, తేడా రబ్బరు కొలతలో ఉందా, లేక అది కూర్చునే రేకు అంచు వంగిందా అని తేల్చుకోవడం ఎలా?