ఏప్రిల్ సెన్సార్ కార్యశాల: కిట్లు, వైఫై, గుంటూరు కల్లం నుంచి రీడింగులు

విజయవాడ, పాఠం తయారీ బాధ్యత

డాలస్ కార్యవర్గానికీ, సేవాదళ సభ్యులందరికీ నమస్కారం. ఏప్రిల్ రెండో శనివారం జరిగే కార్యశాల ముసాయిదాను పూర్తిగా చదివాను. ఉష్ణోగ్రత, గ్యాస్, కదలిక, కెమెరా, ఫోన్ యాప్, ఇవన్నీ మూడు గంటల్లో చేయించాలని అందులో రాశారు. ఇందుకు నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఒక బోర్డు, ఒక సెన్సార్ చాలు. ఇద్దరేసి కలిసి పనిచేసే ప్రతి జంటా పనిచేసే పరికరంతో ఇంటికి వెళ్లాలి. ఎంక్యూ2 వంటి గ్యాస్ సెన్సార్ లోపలి హీటరు ఒక రోజుకు పైగా వేడెక్కిన తరువాతే రీడింగు నిలకడకు వస్తుందని తయారీదారుల పత్రాలే చెబుతున్నాయి కనుక, అది ఒక పూటలో ముగిసే పాఠానికి పనికిరాదు. పిల్లలున్న హాలులో కెమెరా సంగతి వద్దే వద్దు.

బోర్డుగా ఈఎస్‌పీ32, సెన్సార్‌గా డీహెచ్‌టీ22 తీసుకుందాం. మొదటిది వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు, రెండోది గాలిలోని ఉష్ణోగ్రతను, తేమను కొలిచేది. చవకైన డీహెచ్‌టీ11 ఉష్ణోగ్రతలో 2 డిగ్రీల వరకు తేడా చూపవచ్చు. డీహెచ్‌టీ22లో ఆ తేడా సుమారు అర డిగ్రీ మాత్రమే. అయితే రెండు రీడింగుల మధ్య కనీసం 2 సెకన్ల వ్యవధి ఇవ్వాలి. రెసిస్టర్ ముందే అమర్చి ఉన్న మూడు కాళ్ల మాడ్యూళ్లను, పిన్నులు అతికించి ఉన్న బోర్డులను కొంటే సోల్డరింగ్ (లోహం కరిగించి అతికించే పని) అవసరమే రాదు. డేటా తీగను 4వ పిన్నుకు కలిపిద్దాం. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు సంకేతాన్ని తీసుకోగలవే తప్ప పంపలేవు; ఈ సెన్సార్ మాత్రం ఒకే తీగ మీద అడిగించుకుని జవాబు చెప్పే రకం కాబట్టి అక్కడ కలిపితే పలకదు.

అసలు సమయం తినేసేది ల్యాప్‌టాప్. ఆర్డుయినో సాఫ్ట్‌వేరులో ఈఎస్‌పీ32 ప్యాకేజీ వందల మెగాబైట్లు ఉంటుంది. దాన్నీ, బోర్డు మీది చిప్పును బట్టి సీపీ2102 లేదా సీహెచ్340 డ్రైవరునూ (ల్యాప్‌టాప్ బోర్డును గుర్తించేందుకు వేసేది) ఇంటి దగ్గరే వేసుకుని రమ్మని రెండు వారాల ముందే అందరికీ రాయండి. యూఎస్‌బీ తీగలను మనమే కొనాలి. ఇళ్లలో ఉండే తీగల్లో చాలావాటికి చార్జింగ్ తప్ప డేటా రాదు, అది చూస్తే తెలియదు.

డాలస్, వేదిక బాధ్యత

అన్నయ్యగారూ, ఒకే పరికరమన్న మాట ఇక్కడ అందరికీ నచ్చింది. ఇరవై జంటలకు ఇరవై నాలుగు బోర్డులు ఇక్కడే కొంటాం. చిక్కు వైఫైతో వచ్చింది. హాలు వైఫైలో చేరగానే ఒక వెబ్ పేజీ తెరుచుకుని, నిబంధనలకు ఒప్పుకోమని బటన్ నొక్కమంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుందా? ఇంకొక కోరిక: మాలో చాలామంది గుంటూరు వైపు వారమే కాబట్టి, అక్కడి రీడింగు ఒకటి తెర మీద ప్రత్యక్షంగా కనిపిస్తే తల్లిదండ్రులు కూడా కుర్చీల్లోంచి కదలరు.

విజయవాడ, పాఠం తయారీ బాధ్యత

ఆ బటన్ నొక్కే దారి బోర్డుకు లేదమ్మా. ఫోన్ హాట్‌స్పాట్ ఇరవై బోర్డులను మోయదు; పైగా ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరొకటి తెలియదు, కొత్త ఐఫోన్లేమో కంపాటిబిలిటీ మీట వేస్తే తప్ప ఆ బ్యాండుకు రావు. ఎవరి ఇంట్లోనైనా వాడకుండా పడి ఉన్న రౌటర్ తెచ్చి, 2.4కు వేరే పేరు పెట్టండి. ఒక ల్యాప్‌టాప్‌లో మస్కిటో బ్రోకర్ (రీడింగులను అందుకుని, అడిగినవారికి చేరవేసే ప్రోగ్రాము) నడిపితే హాలులోని పరికరాలకు ఇంటర్నెట్‌తో పనే లేదు. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు పైపులైన్ల రీడింగులను ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో పంపడానికి రూపొందించిన ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతే ఇది. అంత సన్నని దారికి పుట్టినది కాబట్టి మన పాత రౌటర్‌కు బరువు కాదు.

ఒక జాగ్రత్త ఉంది. అందరూ ఒకే ప్రోగ్రామును ఎక్కిస్తే క్లయింట్ పేరు, అంటే బోర్డు తనదని బ్రోకర్‌కు చెప్పుకునే పేరు, కూడా ఒకటే అవుతుంది. అదే పేరుతో రెండో బోర్డు చేరిన క్షణంలో బ్రోకర్ మొదటిదాన్ని తెంచేస్తుంది, అది మళ్లీ చేరి రెండోదాన్ని తెంచుతుంది. అందుకని ప్రతి బోర్డు తన మ్యాక్ చిరునామా (ప్రతి బోర్డుకూ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) చివరి అంకెలనే పేరుగా పెట్టుకునేలా రాసి పంపుతాను. గుంటూరు రీడింగు ఇంటర్నెట్ మీదుగానే రావాలి. దానికి పాస్‌వర్డుతో, 8883 పోర్టులో గుప్తీకరించిన వేరే బ్రోకర్ పెట్టి, ల్యాప్‌టాప్‌లోని బ్రోకర్‌తో బ్రిడ్జి, అంటే ఒకదాని సందేశాలు మరొకదానికి చేరే దారి, కలుపుతాను. ఉచితంగా దొరికే పరీక్షా బ్రోకర్లు వద్దు; అక్కడ ఎవరి రీడింగునైనా ఎవరైనా చదవవచ్చు.

గుంటూరు, క్షేత్ర బాధ్యత

మిర్చి యార్డులో సెన్సార్ పెట్టడానికి అనుమతుల కోసం తిరగడం కన్నా, మా బంధువుల మిర్చి కల్లంలో పెట్టడం తేలిక. ఏప్రిల్‌లో డాలస్‌లో ఉదయం 10 గంటలంటే మనకు రాత్రి 8.30. ఆ వేళకు రైతులు కాయల మీద పట్టాలు కప్పేసి ఉంటారు. ప్రత్యక్ష రీడింగు ఒక్కటే చూపితే పిల్లలకు అర్థమయ్యేది తక్కువ. శుక్రవారం నుంచే నమోదు చేసి, మధ్యాహ్నం పడిపోయిన తేమ రాత్రికి ఎలా లేస్తుందో గీతగా చూపితే, ఆ పట్టా ఎందుకు కప్పుతారో వాళ్లే చెబుతారు. అయితే అమ్మా, ఈ సెన్సార్ చెప్పేది గాలిలోని తేమను, కాయలోని తేమను కాదు. ఈ మాట పాఠంలో స్పష్టంగా ఉండాలి; తడి తగిలిన కాయకు బూజు పట్టడం, తాలు కాయలు ఏరడం వంటివి ఆ తరువాత చెప్పుకోవచ్చు.

కరెంటు పోతే పవర్ బ్యాంకు, నెట్‌కు సిమ్ వేసిన పాత ఫోన్ పెడతాను. అయినా దారి తెగితే బ్రోకర్ తానే ప్రకటించే 'పరికరం తెగిపోయింది' అనే లాస్ట్ విల్ సందేశాన్ని ప్రోగ్రాములో ఉంచాలి. లేకపోతే పాత అంకెనే తాజాది అనుకుంటారు.

డాలస్, వేదిక బాధ్యత

మాస్టారూ, అలాగే చేద్దాం. మొదటి గంట తీగలు కలపడానికి, రెండోది ప్రోగ్రాముకు, మూడోది కల్లం గీతకు కేటాయించాను. రౌటర్ దొరికింది, భోజనాల సంగతి వేరే బృందం చూసుకుంటుంది. తెలుగు కరపత్రం ఎప్పుడు ముద్రించమంటారు?

విజయవాడ, పాఠం తయారీ బాధ్యత

మీరు కొన్న మాడ్యూల్ ఫొటో పంపిన తరువాతే. ప్లస్, మైనస్, డేటా కాళ్ల వరుస ఒక్కో తయారీదారుడి దగ్గర ఒక్కో తీరుగా ఉంటుంది. వేరే మాడ్యూల్ బొమ్మ చూసి తీగలు తారుమారు చేస్తే సెన్సార్ కాలిపోవచ్చు. ఇరవై నాలుగూ ఒకే దుకాణంలో, ఒకే విడతలో కొనండి.