‘డౌట్స్ ఉన్నాయా?’ అంటే ఎవరూ మ్యూట్ తియ్యరు, తీరా చూస్తే పని ఆగి ఉంటుంది

ఏడునెలల_లీడ్ అడిగిన ప్రశ్న:

లీడ్ అయ్యి ఏడు నెలలైంది. టీమ్‌లో పదకొండు మందిమి, నాలుగు దేశాల్లో ఉంటాం. అందరం ఒకేసారి కాల్‌లో ఉండేది వారానికి ఒక్క గంట. అది కూడా ఒకరికి తెల్లవారుజాము, ఇంకొకరికి రాత్రి పది.

పోయిన నెల రిలీజ్ తొమ్మిది రోజులు లేటయింది. పాత డేటా అంతా కొత్త సిస్టమ్‌లోకి రెండు వారాల్లో ఎక్కించేస్తామని ప్లాన్ వేసింది నేనే. అది కుదరదని కనీసం నలుగురికి ముందే తెలుసట! రిలీజ్ చెడిపోయాక విడివిడిగా అడిగితే బయటపడింది. కాల్‌లో ‘ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?’ అని మూడుసార్లు అడిగాను. అందరూ మౌనం. జపాన్ కొలీగ్ ఒక్కరే చాట్‌లో ‘కొంచెం కష్టం కావచ్చు’ అని రాశారు. కాస్త కష్టపడితే అయిపోతుందన్నమాట అనుకుని, థమ్స్‌అప్ కొట్టి ముందుకెళ్లాను.

దీనికి పూర్తిగా రివర్స్, నెదర్లాండ్స్ నుంచి పనిచేసే మా టెస్టర్. నేను లీడ్ అయిన మొదటి నెలలోనే, మా డైరెక్టర్ కూడా ఉన్న కాల్‌లో ‘ఈ ప్లాన్ పనిచేయదు’ అని మొహం మీదే అనేశారు. అందరి ముందూ అలా అంటారా ఎవరైనా? ‘దీని గురించి విడిగా మాట్లాడదాం’ అని అక్కడికి ఆపాను. ఆ తర్వాత ఆవిడా పెద్దగా మాట్లాడటం లేదు. అది వేరే సంగతి.

ఏ దేశం వాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పే చార్ట్ లాంటిది ఏమైనా ఉంటే చెప్పండి. ఈసారి డెడ్‌లైన్ తప్పితే నా పని అయిపోయినట్టే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

టోక్యో_కాల్స్:

జపాన్ క్లయింట్లతో ఆరేళ్లు పనిచేశాను. ‘చొత్తో ముజుకషీ’ అంటే మాటకు మాట అర్థం ‘కొంచెం కష్టం’ అనే. కానీ ఆఫీసు మాటల్లో అది చాలాసార్లు ‘కుదరదు’ అని మర్యాదగా చెప్పడం. పాపం ఆయన తన పద్ధతిలో గట్టిగానే చెప్పారు, మీరు థమ్స్‌అప్ కొట్టారు. ‘ఏ భాగం కష్టం? ఎన్ని రోజులైతే సులువవుతుంది?’ అని అప్పుడే అడిగి ఉంటే లెక్క బయటికొచ్చేది.

చార్ట్ కావాలంటే హోఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడి పేరుతో వెతకండి. ‘పవర్ డిస్టెన్స్’ అని ఒక కొలత ఉంటుంది. పై వాళ్లకు ఎక్కువ అధికారం ఉండటాన్ని కింది వాళ్లు ఎంత సహజంగా తీసుకుంటారు అనేదానికి దేశాల వారీగా అంకెలు ఇచ్చారు.

ఎర్రపెన్ను:

ఆ చార్ట్ చూడండి కానీ దానితో మనుషుల్ని కొలవకండి. 1960ల చివర, 70ల మొదట్లో ఐబీఎం అనే ఒకే కంపెనీ ఉద్యోగుల చేత నింపించిన లక్షకు పైగా ప్రశ్నావళుల మీద కట్టిన లెక్క అది. అందులోవి దేశాల సగటులు. వాటిని ఒక్కో మనిషికి అంటగట్టకూడదని హోఫ్‌స్టెడే చెప్పాడు.

పైగా ఆ చార్ట్‌లో నెదర్లాండ్స్‌ది తక్కువ అంకె, అంటే బాస్ ముందు నోరు విప్పే రకం. మరి 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి విమానాశ్రయంలో ఏం జరిగింది? పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టింది డచ్ విమానం, అంటే నెదర్లాండ్స్‌ది. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చెయ్యలేదేమో అని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు కూడా. కెప్టెన్ సంస్థలో బాగా సీనియర్, మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చేవాడు. ‘చేసింది’ అని గట్టిగా తేల్చేశాడు. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. డచ్ వాళ్లే అందరూ! దేశం సంగతి అలా ఉంచండి, అడిగినవాడికి పైనుంచి వచ్చిన జవాబు అలాంటిది. కింది వాళ్లు అనుమానాన్ని ఎలా పైకి చెప్పాలి, కెప్టెన్ ఎలా వినాలి అని విమాన సిబ్బందికి విడిగా శిక్షణ మొదలవడానికి దారితీసిన ప్రమాదాల్లో ఇదొకటి.

ఇక మీ పోస్ట్‌లో ‘అది వేరే సంగతి’ అన్నారు చూడండి, నాకైతే అసలు సంగతే అది. మొదటి నెలలో ఒకరు నోరు తెరిచారు, డైరెక్టర్ ముందే మీరు మూయించారు, మిగతా తొమ్మిది మందీ చూశారు. ఆ తర్వాత మీరు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు అడిగినా మ్యూట్ ఎవరు తీస్తారు?

ఏమీ అనుకోకండి, ఒక మాట అడుగుతాను. ‘విడిగా మాట్లాడదాం’ అన్నారు కదా, మాట్లాడారా?

నైట్‌కాల్:

ఎర్రపెన్ను గారు అన్నదానికి తోడు ఇంకొకటి. ఎమీ ఎడ్మండ్‌సన్ అని ఒక పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది, లెక్కలో ఎక్కువ కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచకుండా చెప్పుకుంటున్నారని తర్వాత అర్థమైంది. మీ కాల్ ప్రశాంతంగా ఉందంటే నాకు అందుకే భయమేస్తుంది.

‘డౌట్స్ ఉన్నాయా?’ అనే ప్రశ్న మానేయండి. నేను ఇలా అడుగుతాను: ‘రిలీజ్ రోజు వచ్చింది, ఫెయిలయ్యాం. ఎందుకు ఫెయిలయ్యామో తలా రెండు కారణాలు రాయండి.’ దీన్ని ప్రీమార్టమ్ అంటారు. కాల్‌కి ఒకరోజు ముందే రాయించండి. ఇంగ్లీషులో వెంటనే మాట అందనివాళ్లకూ, రాత్రి పదికి కళ్లు మూతలు పడేవాళ్లకూ అది ఎంత మేలో. మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. ఆ కాల్ టైమ్ కూడా నెలకోసారి మార్చండి, ఎప్పుడూ ఒకరే ఎందుకు నిద్ర పాడుచేసుకోవాలి?

పాతకాపు:

ఎన్ని టెక్నిక్స్ పెట్టినా అప్రైజల్ రాసేది లీడే కదా. జనం దాన్ని బట్టే మాట్లాడతారు.

నైట్‌కాల్:

@పాతకాపు నిజమే. అందుకే చెడ్డవార్త ముందుగా చెప్పినవాళ్ల పేరు అప్రైజల్‌లో మంచిగా రాయాలి, ఆ సంగతి వాళ్లకు తెలిసేలా రాయాలి.

ఏడునెలల_లీడ్:

@ఎర్రపెన్ను మొదట చదివినప్పుడు ఒళ్లు మండింది, దాచను. రెండు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. నిన్న క్యాలెండర్ వెనక్కి తిప్పి చూశాను. ఆవిడతో విడిగా మీటింగ్ లేదు. నేను ఇన్వైటే పంపలేదు.

ఈ రోజు పంపాను. ‘అజెండా?’ అని ఒక్క మాట అడిగారు. ‘ఆ రోజు నేను ఆపేసినప్పుడు మీరు చెప్పబోయింది’ అని రాశాను. కాసేపటికి థమ్స్‌అప్ వచ్చింది. దాని అర్థమేంటో ఈసారి ఊహించుకోను, రేపు ఆవిడనే అడుగుతాను.